విన్న మాటకు తీర్పు, వినని మనిషికి శిక్ష



ఇది కొంచెం పొడుగైన రాత. తీరిక ఉన్నప్పుడు చదవండి. కోపం వస్తే ఒక రాత్రి ఆగి రేపు జవాబు రాయండి. ఎందుకు ఆగమంటున్నానో చదివితే తెలుస్తుంది.

గత నెల ఒక సాయంత్రం మన గ్రూపులోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. పిల్లల చదువు సహాయం డబ్బు లెక్క చూసే సభ్యుడి మీద అది ఆరోపణ. మాట్లాడినవారు తమ పేరు చెప్పలేదు. డబ్బు ఎంత, ఏ తేదీది, ఏ రసీదు అనేదీ చెప్పలేదు. "అందరికీ తెలిసిందే కదా" అని మొదలుపెట్టి "ఇంకేం చెప్పాలి" అని ముగించారు. రాత్రి భోజనాల వేళకు నలభై మంది బొమ్మలు పెట్టారు. కొందరు కోపం ముఖం, కొందరు చేతులు జోడించిన బొమ్మ. మర్నాడు పొద్దున్నకి అది మన గ్రూపు దాటి చర్చి గ్రూపుకు, అక్కణ్ణుంచి కాలనీ గ్రూపుకు వెళ్ళింది. ఆయన ఇంట్లో పెళ్ళికి ఉన్న అమ్మాయి ఉంది. సంబంధం మాట్లాడుతున్న వాళ్ళ ఫోనుకు కూడా చేరింది.

ఇప్పుడు వచ్చే జనరల్ బాడీలో ఆయన్ని తీసేయాలని తీర్మానం పెడతామంటున్నారు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆయన తప్పు చేశాడా లేదా? నాకు తెలియదు. మీకూ తెలియదు. ఈ రాత మొత్తానికి మూలం ఆ ఒక్క వాక్యమే. ఆయన మంచివాడని సర్టిఫికెట్ ఇవ్వడానికి నేను రాయడం లేదు. తెలియని దాన్ని తెలిసినట్టు నడుచుకోవడం పాపమని రాస్తున్నాను.

మన సంఘంలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. నేను క్రైస్తవుణ్ణి గనక నాకు తెలిసిన గ్రంథం నుంచి చెబుతాను. గుడికి వెళ్ళేవాళ్ళకైనా చర్చికి వెళ్ళేవాళ్ళకైనా నాలుక ఒకటే కదా. మన తెలుగులో తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత ఉంది. మనం పుట్టి పెరిగిన తమిళనాట అయితే, కంటితో చూసిందీ అబద్ధం కావచ్చు, చెవితో విన్నదీ అబద్ధం కావచ్చు, తీర విచారించిందే నిజం అంటారు. రెండు భాషల పెద్దలూ ఒకే మాట చెప్పారు. రెండు భాషలూ వచ్చిన మనం రెండూ మరిచిపోయాం.

తీర్పు తీర్చవద్దు అని యేసు ప్రభువు చెప్పిన మాట మత్తయి 7వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ మాట అందరికీ నోటికి వస్తుంది. ఎదుటివాడి కంట్లో నలుసు, మన కంట్లో దూలం అన్న పోలిక కూడా అందరికీ తెలుసు. కానీ అక్కడ ప్రభువు ఆగలేదు. ముందు నీ కంట్లోది తీసుకో, అప్పుడు నీకు బాగా కనబడుతుంది, అప్పుడు నీ సహోదరుడి కంట్లోది తీయవచ్చు అన్నారు. అంటే నలుసు తీయవద్దని కాదు. చూపు సరిగ్గా లేనివాడు ఎదుటివాడి కంట్లో వేలు పెట్టవద్దని. యోహాను 7వ అధ్యాయంలో పైకి కనబడిన దాన్నిబట్టి తీర్పు చెప్పవద్దు, న్యాయమైన తీర్పు చెప్పండి అని కూడా ఆయనే అన్నారు. ఈ రెండూ కలిపి చదివితే అర్థం తేలిక. తీర్పుకు తొందర పనికిరాదు, తీర్పు కావాలంటే విచారణ కావాలి.

దేవుడే ఎలా విచారించాడో చూడండి. ఆదికాండం 3వ అధ్యాయంలో ఆదాము చేసింది దేవుడికి తెలియదా? తెలుసు. అయినా ముందు పిలిచాడు, ఎక్కడున్నావని అడిగాడు, ఏం చేశావని అడిగాడు, హవ్వనూ అడిగాడు. అందరూ చెప్పుకున్నాకే శిక్ష చెప్పాడు. సొదొమ సంగతిలోనూ అంతే. మొర తన దాకా వచ్చిందని, దిగి వెళ్ళి ఆ మొర నిజమో కాదో చూస్తానని 18వ అధ్యాయంలో అంటాడు. అన్నీ తెలిసిన దేవుడు దిగివచ్చి చూస్తానన్నాడు. మనం కుర్చీ మీంచి లేవకుండా బొటనవేలితో ఫార్వర్డ్ చేస్తున్నాం.

ఇది భక్తి కబురు మాత్రమే కాదు, చట్టంలోకి కూడా వెళ్ళింది. 1723లో ఇంగ్లండులో డాక్టర్ బెంట్లీ అనే పండితుడి కేసు ఒకటి నడిచింది. కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆయన వాదన వినకుండానే ఆయన డిగ్రీలు తీసేసింది. కోర్టు అది చెల్లదని తిరిగి ఇప్పించింది. దేవుడు కూడా ఆదామును పిలిచి, చెప్పుకోమని అడగకుండా తీర్పు ఇవ్వలేదని ఆ కేసులో ఫోర్టెస్క్యూ అనే జడ్జి చెప్పారు. అవతలివాడి మాట వినాలి అనే సూత్రం గురించి వకీళ్ళు మాట్లాడేటప్పుడు ఈ నాటికీ ఆ కేసును చెప్పుకుంటారు. మన రాజ్యాంగం 311వ అధికరణంలో ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చిన రక్షణ కూడా అదే వరుసలోది. ఆరోపణ ఏమిటో చెప్పి, సమాధానం చెప్పుకునే తగిన అవకాశం ఇవ్వకుండా ఉద్యోగం తీయకూడదు.

రైల్వేలో పనిచేసినవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్ గురించి నేను చెప్పక్కర్లేదు. పెద్ద శిక్ష వేయాలంటే ఎస్‌ఎఫ్-5 ఇవ్వాలి. అందులో ఆరోపణ స్పష్టంగా రాయాలి. ఏ కాగితాల మీద, ఏ సాక్షుల మీద ఆధారపడుతున్నారో జాబితా ఇవ్వాలి. జవాబు రాయడానికి పది రోజులు. తర్వాత విచారణ అధికారి. నిందపడ్డవాడికి తోడుగా మాట్లాడడానికి ఇంకొక ఉద్యోగిని పెట్టుకునే హక్కు. శిక్ష పడ్డాక అప్పీలు. సస్పెండ్ చేసినా అది శిక్ష కాదు, విచారణ అయ్యేదాకా పక్కన పెట్టడం మాత్రమే. ఒక ఇంక్రిమెంటు ఆపడానికే కాగితం, గడువు, జవాబు కావాలి. ఒక మనిషి పరువు తీయడానికి మనకు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు!

నేను పనిచేసిన ఒక స్టేషన్లో జరిగింది చెబుతాను. బుకింగ్ ఆఫీసులో ఒక క్లర్కుకు డ్యూటీ దిగేటప్పుడు క్యాష్ తక్కువ వచ్చింది. 1,800 రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. రూలు ప్రకారం తన చేతి డబ్బు కట్టేశాడు. కాగితం మీద అక్కడితో సరి. కానీ టీ కొట్టు దగ్గర సరికాలేదు. చీట్ల పాటలో పోగొట్టాడని ఒకరు, తాగుడు మొదలుపెట్టాడని ఒకరు, ఇంట్లో గొడవలని ఇంకొకరు. ఎవరూ చూడలేదు, అందరూ చెప్పారు. మూడు వారాల తర్వాత బల్ల సొరుగు సరిగ్గా మూసుకోవడం లేదని వడ్రంగిని పిలిస్తే, సొరుగు వెనక ఇరుక్కున్న నోట్ల కట్ట దొరికింది. డబ్బు ఆయనకు తిరిగి వచ్చింది. పేరు తిరిగి రాలేదు. "ఏదో జరిగే ఉంటుంది, నిప్పు లేనిదే పొగ రాదు" అన్నవాళ్ళు ఆయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళేదాకా అంటూనే ఉన్నారు. నోట్ల కట్ట దొరికిన సంగతి టీ కొట్టు దాకా వెళ్ళలేదు. అలాంటి కబురులో రుచి ఉండదు కదా.

తొందర తీర్పు రాజులకు కూడా తప్పలేదు. రెండవ సమూయేలు 16వ అధ్యాయం చదవండి. దావీదు రాజు కొడుకు తిరుగుబాటుకు భయపడి యెరూషలేము విడిచి పోతున్నాడు. సీబా అనే సేవకుడు రొట్టెలు, పండ్లు, గాడిదలు తెచ్చి ఎదురొచ్చాడు. నీ యజమాని మెఫీబోషెతు ఏడి అని రాజు అడిగితే, రాజ్యం తనకు వస్తుందని అక్కడే కూర్చున్నాడు అన్నాడు. అలసిపోయి, మనసు విరిగి, ఆకలిగా ఉన్న సమయంలో రొట్టె తెచ్చినవాడి మాట నిజమనిపించింది. అక్కడికక్కడే మెఫీబోషెతు ఆస్తి మొత్తం సీబాకు రాసిచ్చేశాడు. 19వ అధ్యాయంలో రాజు తిరిగి వస్తే మెఫీబోషెతు ఎదురొచ్చాడు. రాజు వెళ్ళిన రోజు నుంచి గడ్డం కత్తిరించలేదు, బట్టలు ఉతకలేదు. కాళ్ళు లేనివాణ్ణి, గాడిద కట్టమంటే సేవకుడు మోసం చేశాడు అన్నాడు. అప్పుడు దావీదు ఏం చేశాడు? సరే, ఇద్దరూ సగం సగం పంచుకోండి అన్నాడు. ఎవరు నిజమో తేల్చలేదు. తొందరపడి ఇచ్చిన తీర్పును పూర్తిగా వెనక్కి తీసుకోవడం రాజుకు కూడా చేతకాలేదు. దావీదంతటివాడే సగమే దిద్దగలిగితే, వాయిస్ మెసేజ్ డిలీట్ చేసి "సారీ" అని పెట్టే మనం ఎంత దిద్దగలం?

యాజకుడు ఏలీ కథ ఇంకో రకం. గుళ్ళో హన్నా పెదవులు కదులుతున్నాయి, మాట వినబడడం లేదు. చూసి తాగి వచ్చిందనుకున్నాడు. పాపం, ఆమె బిడ్డ కోసం ఏడుస్తూ మొక్కుకుంటోంది. కానీ ఏలీలో ఒక మంచి ఉంది. ఆయన అనుకున్నది ఆమె ముఖం మీదే అన్నాడు. పక్కవాడితో అనలేదు. అందుకే ఆమె జవాబు చెప్పుకోగలిగింది. జవాబు విన్నాక ఆయన పట్టుపట్టలేదు, దీవించి పంపాడు. ఆ బిడ్డే సమూయేలు. అనుమానం రావడం మనిషి గుణం. అనుమానాన్ని ఎవరి దగ్గరకు తీసుకెళ్తామన్నదే ప్రశ్న. హన్నా దగ్గరకే తీసుకెళ్తే దీవెనతో ముగిసింది. ఊళ్ళోకి తీసుకెళ్ళి ఉంటే ఆమె మళ్ళీ ఆ గుడి మెట్లు ఎక్కేదా?

పౌలు కథలో మెలితే ద్వీపం వాళ్ళను చూడండి. పౌలు చేతికి పాము చుట్టుకోగానే వీడు హంతకుడే, సముద్రం వదిలినా న్యాయం వదల్లేదు అనుకున్నారు. కాసేపటికి ఆయన పడిపోలేదు, వాయలేదు. వెంటనే వీడు దేవుడే అన్నారు. హంతకుడు, దేవుడు. రెండూ తప్పే. రెండిటి మధ్య పట్టిన సమయం కొంచెమే. మన గ్రూపులో కూడా మనిషిని ఒక వారం శాలువా కప్పి ఫోటో పెడతాం, ఇంకో వారం దొంగ అంటాం. మధ్యలో ఉండే మామూలు మనిషి మనకు కనబడడు.

ఇంట్లో కూర్చుని మాట్లాడిన మాటకు ప్రాణం పోతుందా అని అడిగేవాళ్ళు 2018 మే నెల గుర్తు చేసుకోండి. మన తిరువణ్ణామలై జిల్లాలోనే, పోలూరు దగ్గర. చెన్నై నుంచి కారులో గుడికి బయలుదేరిన కుటుంబం దారిలో ఆగింది. 60 దాటిన పెద్దామె పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. ఆ రోజుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు. జనం పోగై కొట్టారు. ఆ తల్లి చనిపోయింది. పిల్లలకు చాక్లెట్ ఇవ్వడం మన ఇళ్ళలో ఏ అవ్వ చేయదు? ఆ ఏడాది దేశంలో ఇలాంటివి మరికొన్ని జరిగాక జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయలేకుండా ఆపింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవాటిని ఒకేసారి ఒక్క చాట్‌కే పంపేలా తగ్గించింది. కంపెనీ ఒక గేటు కట్టింది. అసలు గేటు మన వేలి దగ్గర ఉండాలి.

ఇక మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. తొందర తీర్పు అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, మనం అనుభవించినవాళ్ళం. ఇక్కడ తరతరాలుగా ఉన్నా కొందరికి మనం గొల్టీలం. అటు ఆంధ్ర నుంచి బంధువులు వస్తే, పిల్లలకు తెలుగు చదవడం రాదని తెలిసి ముఖం అదోలా పెడతారు. మీరు తెలుగు వదిలేశారా అంటారు. 2006లో వచ్చిన తమిళ్ లెర్నింగ్ చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయిందని, తెలుగు చెప్పే బడి, టీచరు దొరకడం ఎంత కష్టమో వాళ్ళు అడగరు. నేను చదివింది తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ బైబిలు మీద వేలు పెట్టి నేర్పినవి. వదిలేసినవాళ్ళం అని ఒక్క మాటలో తేల్చేవాళ్ళకు ఆ వేలు కనబడదు.

తెలుగు క్రైస్తవులకు ఇంకొకటి అదనం. కూటి కోసం మతం మార్చుకున్నవాళ్ళు అని ఇప్పటికీ అంటారు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. మన చెన్నై నడిబొడ్డున మురికిగా కనబడే ఆ కాలువే. అప్పుడు బాప్తిస్మం అడిగినవాళ్ళు ఎందరో ఉన్నా, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. సాయం ముగిశాకే ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్క రోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇన్ని వివరాలు రాతలో ఉన్నా, ఆ మాట అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. వాళ్ళకు వివరాలు అక్కర్లేదు, ముద్ర చాలు. మన తాతలకు ఆ ముద్ర వేస్తే ఎంత నొప్పో తెలిసిన మనం, పక్కింటివాడికి అదే ముద్ర వేయడానికి చేయి ఎలా వస్తుంది?

బైబిల్లో మనలాంటివాళ్ళ కథ ఒకటి ఉంది. మన చర్చిల్లో దాని మీద ప్రసంగం తక్కువ వింటాం. యెహోషువ 22వ అధ్యాయం. రూబేను, గాదు గోత్రాలు, మనష్షేలో సగం గోత్రం యొర్దాను నదికి అవతల స్థిరపడ్డాయి. నది దగ్గర పెద్ద బలిపీఠం కట్టారు. ఇవతలివాళ్ళకు కబురు వచ్చింది. వేరే పూజ మొదలుపెట్టారు, దేవుణ్ణి విడిచారు అనుకున్నారు. యుద్ధానికి షిలోహులో జనం పోగయ్యారు. కానీ కత్తి తీసేముందు ఒక మంచి పని చేశారు. ఫీనెహాసు అనే యాజకుణ్ణి, గోత్రానికి ఒకరు చొప్పున పదిమంది పెద్దల్ని పంపి అడిగించారు. జవాబు ఏమొచ్చిందో తెలుసా? మేము కట్టింది బలులు ఇవ్వడానికి కాదు. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, మీ మధ్యా మా మధ్యా నది ఉంది, మా దేవుడిలో మీకు భాగం లేదు అంటారేమోనని భయపడి, మేమూ మీవాళ్ళమే అనడానికి సాక్షిగా కట్టుకున్నాం అన్నారు.

ఒకసారి ఆలోచించండి. నదికి అవతల ఉండిపోయినవాళ్ళ భయం! మన పిల్లల్ని మనవాళ్ళే మీరు మావాళ్ళు కాదు అంటారేమో అనే భయం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు హద్దుకు ఇవతల ఉండిపోయిన మన తాతలకు ఉన్న భయం అదే. మనం ఈ సంఘం పెట్టుకున్నదీ, ఉగాది చేసుకుంటున్నదీ, తెలుగు ఆరాధన నిలుపుకుంటున్నదీ ఆ సాక్షి కోసమే. బలిపీఠం చూసి ద్రోహం అనుకున్నారు, వెళ్ళి అడిగితే అది ప్రేమ అని తేలింది. అడగకపోయి ఉంటే అన్నదమ్ములు అన్నదమ్ముల్ని నరుక్కునేవాళ్ళు. పదకొండు మంది ప్రయాణం చేసి ఒక యుద్ధం ఆపారు. మన గ్రూపులో నలభై బొమ్మలు పెట్టినవాళ్ళలో ఇద్దరు ఆటో ఎక్కి ఆయన ఇంటికి వెళ్ళి ఉంటే చాలేది.

ఇప్పుడు ఎదురు ప్రశ్నకు వస్తాను. చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. "అయితే అన్నా, తప్పు చేసినవాణ్ణి ఏమీ అనకూడదా? తీర్పు తీర్చవద్దు అనే మాట చాటున ఎంతమంది పెద్దలు దాక్కోలేదు?" నిజమే. లెక్క అడిగితే "దేవుని సేవకుణ్ణి తీర్పు తీర్చకండి" అనేవాళ్ళను చూశాం. ఆ మాటకు నేను ఒప్పుకోను. లెక్క అడగడం తీర్పు కాదు. లెక్క చూపించమనడం ఇచ్చినవాడి హక్కు, చూపడం తీసుకున్నవాడి బాధ్యత. పౌలు కూడా చందా డబ్బు పంపేటప్పుడు, దేవుని ముందరే కాదు మనుషుల ముందర కూడా సరిగ్గా ఉండాలని, నమ్మకమైన మనుషుల్ని తోడు పంపాడు. అది రెండవ కొరింథీయులు 8వ అధ్యాయంలో ఉంది. 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘాలు లెక్కలు రాసి, ఆడిట్ చేయించి, సభ్యుల ముందు పెట్టాల్సిందే. అందులో మొహమాటం ఏమీ లేదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే తొందరపడవద్దు, ఓర్చుకోండి, సంఘంలోనే తేల్చుకుందాం అనకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసుకు చెప్పితీరాలి, చెప్పకపోవడమే నేరం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడబిడ్డ విషయంలోనూ నాది అదే మాట. ఆమెను ముందు కాపాడండి. ఫిర్యాదు చేయడం తీర్పు చెప్పడం కాదు. విచారణ చేయగలిగినవాళ్ళ చేతికి విషయాన్ని అప్పగించడం. పోలీసు దగ్గరకు వెళ్ళాల్సిన విషయాన్ని వాట్సాప్‌కు, ఆడిటర్ దగ్గరకు వెళ్ళాల్సిన విషయాన్ని టీ కొట్టుకు తీసుకెళ్ళడమే మన జబ్బు. అక్కడ ఊరంతా మాట్లాడుకుంటారు. బాధపడ్డవాడికి న్యాయం మాత్రం జరగదు.

అందుకే మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు మెట్లు చెప్పారు. ముందు నువ్వూ అతనూ ఒంటరిగా. వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం మూడో మెట్టు మీదికి ఎగిరి దూకుతున్నాం, అది కూడా పేరు చెప్పకుండా. పెద్ద మీద ఆరోపణ వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే తీసుకోవద్దని తిమోతికి పౌలు రాశాడు. ఆ తర్వాతి మాటే, తప్పు రుజువైతే అందరి ముందూ గద్దించమని. రెండూ ఉన్నాయి. ఒకటి వదిలేసి ఒకటి పట్టుకుంటే మనకు కావలసింది దొరుకుతుంది, న్యాయం దొరకదు.

జనరల్ బాడీ ముందు నేను పెడుతున్న మాటలు ఇవి.

1. సభ్యుడి మీద ఆరోపణ ఉంటే కాగితం మీద, సంతకంతో, తేదీతో, మొత్తంతో కార్యదర్శికి ఇవ్వాలి. సంతకం పెట్టలేని మాటకు గ్రూపులో చోటు లేదు.

2. నిందపడ్డ సభ్యుడికి ఆ కాగితం నకలు ఇచ్చి పది రోజులు గడువు ఇవ్వాలి. ఆయనకు ఇష్టమైన ఒకర్ని తోడు తెచ్చుకోవచ్చు.

3. కమిటీలో లేని ముగ్గురు సభ్యులు పాస్‌బుక్, రసీదు పుస్తకం, సహాయం తీసుకున్న పిల్లల సంతకాలు పక్కపక్కన పెట్టి చూడాలి. అంతవరకూ ఆయన చెక్కుల మీద సంతకం పెట్టకుండా పక్కన ఉండాలి. అది శిక్ష కాదని మినిట్స్‌లో రాయాలి.

4. తప్పు అని తేలితే డబ్బు వసూలు చేయాలి, చట్టం ప్రకారం చేయాల్సింది చేయాలి. నిర్దోషి అని తేలితే ఆరోపణ ఎన్ని గ్రూపులకు వెళ్ళిందో అన్ని గ్రూపులకూ ఆ మాట వెళ్ళాలి. ఫార్వర్డ్ చేసినవాళ్ళే పంపాలి. సంబంధం మాట్లాడిన ఇంటికి మన అధ్యక్షుడే స్వయంగా వెళ్ళి చెప్పాలి.

నాలుగోది కష్టమని తెలుసు. నింద మోయడానికి అందరూ వస్తారు, నిందను దింపడానికి ఎవరూ రారు. కానీ అది లేకపోతే మొదటి మూడూ ఉత్త కాగితాలే.

యువత సంఘానికి రావడం లేదని, చర్చిలో ముసలివాళ్ళమే మిగిలామని ప్రతి మీటింగులో బాధపడతాం. కారణం సినిమా అంటాం, ఫోను అంటాం. పిల్లలు మన మాటలు వింటూ పెరిగారు. పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి గురించి, వేరే కులంవాణ్ణి చేసుకున్న అబ్బాయి గురించి, ఉద్యోగం పోయిన మామ గురించి మనం భోజనం దగ్గర ఏమన్నామో వాళ్ళకు గుర్తుంది. రేపు తమకు కష్టం వస్తే ఈ నోళ్ళే తమ గురించి మాట్లాడతాయని వాళ్ళకు తెలుసు. కష్టం వచ్చిన రోజున దాక్కోవాల్సిన చోటుకు, కష్టం లేని రోజున మాత్రం ఎవరు వస్తారు?

యోబు స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు రోజులు అతని పక్కన నేల మీద ఊరికే కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే చెడిపోయారు. నువ్వేదో పాపం చేసి ఉంటావు అన్నారు.

జనరల్ బాడీకి ఇంకా రెండు వారాలుంది. ఏడు రోజులు నోరు కట్టుకోవడానికీ, ఇద్దరు వెళ్ళి ఆయన తలుపు కొట్టడానికీ అది చాలు. వెళ్ళేవాళ్ళలో ఒకడిగా నా పేరు రాసుకోండి. రెండో పేరు కింద ఎవరైనా రాయండి.